కబ్ద్ గదిలో ప్రళయం పందేలు

మహబూలాలో నేనుంటున్న బిల్డింగును మూడు రోజుల్లో ఖాళీ చేయాలని మా కాపలాదారు, ఈజిప్టు ముసలాయన, తలుపు తలుపుకీ వచ్చి చెప్పిపోయాడు. గదికి ఇంతమందే ఉండాలని పైనుంచి ఏదో ఆర్డరొచ్చిందట. ముప్పై ఏళ్ళకు పైగా కువైట్‌లో ఉన్నవాడికి సామాను సర్దుకోవడం కొత్తేమీ కాదు గానీ, వయసు మీద పడ్డాక ప్రతి సంచీ దగ్గరా కాసేపు కూర్చుండిపోతాం. అట్లా మంచం కింది రేకు పెట్టె తీసి, పాత పాస్‌పోర్టులూ రద్దయిన ఇఖామా రెసిడెన్సీ కాగితాలూ వేరు చేస్తుంటే అడుగున ఒక క్యాసెట్ దొరికింది. దాని మీద నా చేతిరాతే: ‘ఓబులేసు మామకు, సుబ్బమ్మత్త పంపినది’. విందామంటే బిల్డింగు మొత్తంలో టేప్ రికార్డరు లేదు. పక్క గది కుర్రాడొకడు దాన్ని తిప్పి తిప్పి చూసి, "ఇది ఏ ఫోనుకు పడతాది పెదనాయనా?" అన్నాడు. నిజానికి వినాల్సిన పని కూడా లేదు. అందులో ఏముందో ఈ ఊళ్ళో కొన్ని వందల సార్లు చెప్పాను. చెప్పిన ప్రతిసారీ జనం పొట్ట పట్టుకుని నవ్వారు. ఆ నవ్వించడం గురించే రాయాలని కూర్చున్నాను, ఇప్పుడు నవ్వు రాకపోయినా.

నేను ఈ దేశంలో దిగేనాటికి యుద్ధం అయిపోయింది గానీ చమురు బావులు ఇంకా మండుతున్నాయి. పారిపోతున్న సైన్యం అంటించి పోయిందని చెప్పేవాళ్ళు. మిట్టమధ్యాహ్నం బండ్లు లైట్లు వేసుకుని పోతుంటే, నేను విమానంలో నిద్రపోయి రాత్రికి దిగానేమో అనుకున్నాను. గాలంతా అప్పుడే ఆర్పిన కిరసనాయిలు స్టవ్వు వాసన. నన్ను తీసుకుపోయి ఎడారిలో కబ్ద్‌లో నాకు వీసా ఇచ్చిన యజమాని, అంటే మా కఫీల్‌కున్న గొర్రెల దొడ్డి దగ్గర దింపారు. ప్లైవుడ్ గోడలు, రేకుల కప్పు, లోపల మూడు మంచాలు. ఒక మంచం ఓబులేసు మామది. ఆయనది రాయచోటి పక్క పల్లె, గొర్రెల్లోనే పుట్టి పెరిగిన మనిషి. నాకు వరస కలిసిన మామేమీ కాదు, పెద్దవాడు కాబట్టి మామ. రెండోది మస్తాన్ అన్నది, రాయచోటి టౌను. మంటలార్పే విదేశీ జట్లకు వ్యానులో అన్నం చేరవేసే డ్రైవరు. మూడోది నాది. ఇంటర్ పాసయినవాణ్ణి ఆ గదిలో నేనొక్కణ్ణే కనక, ఉత్తరాలు రాసే పని, వాదనకు దిగే పని రెండూ నావే అయ్యాయి.

ఓబులేసు మామ తెల్లవారుజామునే లేచి మొహం కడుక్కుని తెల్ల తుండుతో తుడుచుకునేవాడు. తుడుచుకుని ఆ తుండును వెలుతురుకు పట్టి, ఎంత నల్లబడిందో చూసేవాడు. ఊళ్ళో పొద్దున్నే ఆకాశం చూసే అలవాటు ఆయనకు ఇక్కడ తుండు చూడటంగా మారింది. తర్వాత గొర్రెల దగ్గరికి పోయేవాడు. తెల్ల గొర్రెలన్నీ మసిపట్టి బొగ్గు బస్తాల్లా నిలబడి ఉండేవి. నీళ్ళు పోసి రుద్దితే మధ్యాహ్నం దాకా తెలుపు, సాయంత్రానికి మళ్ళీ నలుపు. మేం తినే దానిలోనూ నలుసులు పడేవి. ఊరినుంచి తెచ్చిన రాగిపిండి ఉన్నన్నాళ్ళు సంగటి, అయిపోయాక ఖుబ్బూస్ రొట్టె, రెంటికీ చెనిక్కాయల ఊరిబిండి పచ్చడే. గిన్నె మీద మూత తీయగానే తినెయ్యాలి, మాటల్లో పడితే పైన సన్నటి నల్ల పొర తేలేది. ఒకరోజు కఫీల్ ఇంట్లో ఏదో విందుకు గొర్రెను కోశారు. మామ దాని ఊపిరితిత్తులు చేతిలోకి తీసుకుని నన్ను పిలిచాడు. అవి పొయ్యిలో కాలిన గుడ్డలా ఉన్నాయి. "చూసినావా రమణా, మన లోపల కూడా ఇదే ఉంటాది" అన్నాడు. ఆ రోజు ఆయన కూర ముట్టలేదు.

జోస్యాలు తెచ్చేది మస్తాన్ అన్న. మంటలార్పే జట్ల దగ్గర నాలుగు దేశాల మాటలు చెవిన పడేవి. రేడియోలో హిందీ వార్తలు సరేసరి. సాయంత్రం వ్యాను ఆపి దిగుతూనే మొదలుపెట్టేవాడు. "అయిదేండ్లు పడతాదంట భాయ్, ఇవి ఆరేదానికి. పొగ పైకి పోయి సూర్యుణ్ణి కప్పేస్తాదంట. మన దేశానికి వానలే ఉండవంట." ఇంకోరోజు సముద్రంలో చేపనేదే మిగలదంట. ఇంకోరోజు ఈ దేశంలో చమురు ఇరవై ఏండ్లలో ఖలాస్ అంట. నేను ఒప్పుకునేవాణ్ణి కాదు. హైస్కూల్లో మా సైన్సు అయ్యవారు, మాకు మీసాలు వచ్చేలోపు లోకంలో పెట్రోలు అయిపోయి అందరం ఎద్దుల బండ్లెక్కుతామని బల్ల గుద్ది చెప్పాడు. నాకు మీసాలొచ్చాయి. అయిపోవాల్సిన పెట్రోలు నా కళ్ళముందే ఊరికే మండిపోతుంటే ఆ మసి కడిగే ఉద్యోగం కూడా వచ్చింది. ఇక ఏ జోస్యాన్ని నమ్మేది?

వాదనలు శుక్రవారం అన్నాలయ్యాక జోరందుకునేవి. గొంతులు లేచి గొర్రెలు బెదిరేంత దూరం పోతుంటే నేనే ఒక రూలు పెట్టాను. గదిలో గుడ్డలు పెట్టుకునే బీరువా తలుపు లోపలివైపు, ఎవరు ఏ జోస్యం చెప్తే అది పెన్సిలుతో రాయాలి. కింద సంతకమో వేలిముద్రో పెట్టాలి. పక్కన తేదీ వేయాలి, ఎప్పటిలోగా జరుగుతుందో. ఆ తేదీ దాటినా జరగకపోతే చెప్పినవాడు నెల్లాళ్ళు అందరికీ ఎర్రగడ్డలు తరగాలి, పళ్ళేలు కడగాలి. తేదీ చెప్పలేనివాడి మాట తలుపు మీద ఎక్కదు. కోర్టులో జడ్జీలాగా ఈ చివరి మాట గట్టిగా చదివి వినిపించేవాణ్ణి. మస్తాన్ అన్న వరసగా నాలుగు రాయించాడు. ఓబులేసు మామ ఒక్కటే. ‘వచ్చే వానాకాలం మన సీమలో చినుకు పడదు.’ దాని కింద బొటనవేలు నొక్కి, ఆ వేలి మసి తుండుకు తుడుచుకున్నాడు.

ఆయన అక్కడితో ఆగి ఉంటే అదొక ఆట. కానీ ఆయన నిజంగా నమ్మాడు. అప్పట్లో మాలో చదువు రానివాళ్ళు ఇంటికి ఉత్తరాల బదులు క్యాసెట్ పంపేవాళ్ళు. అందరి ఎదుటా టేప్ రికార్డరు ముందు కూర్చుని మాట్లాడి, ఊరికి పోయేవాళ్ళ చేతిలో పెట్టేవాళ్ళు. భార్యతో చెప్పుకోవాల్సినవి కూడా గది మొత్తం వినాల్సిందే. మామ తన క్యాసెట్‌లో భార్య సుబ్బమ్మత్తకు ఇట్లా చెప్పాడు. "సుబ్బమ్మా, నేను గొర్రె ఊపిరితిత్తి చూసినా. ఈ పొగ మన పక్కకే వస్తాండాది. వానలుండవు, మేతుండదు. మంద బక్కచిక్కక ముందే అమ్మేయ్. నా మాట విను." నేను పక్కనే ఉండి బటన్ నొక్కుతున్నాను. వద్దని అనలేదు. పందెం గెలిచేది నేనే కదా అన్న సంబరం. ఆమె ఆయన మాట విన్నది. పెంచిన పొట్టేలుతో సహా మందంతా కటికవాళ్ళకు తోలింది.

మంటలు అయిదేళ్ళు కాదు, ఆ సంవత్సరం తిరక్కుండానే ఆరిపోయాయి. ఒకరోజు మధ్యాహ్నం నేల మీద నా నీడ చూసి నాకే కొత్తగా అనిపించింది. గొర్రెలు తెల్లబడ్డాయి. మస్తాన్ అన్న కళ్ళనీళ్ళు పెట్టుకుంటూ ఎర్రగడ్డలు తరిగాడు. ఊరినుంచి సుబ్బమ్మత్త జవాబు క్యాసెట్ వచ్చింది. ముగ్గురం చుట్టూ కూర్చుని పెట్టాం. మొదట ఏదో గరగర. తర్వాత ఆమె గొంతు. "వినపడుతుందా? నేను మాట్లాడేదేముంది, అదే మాట్లాడుతుండాది విను." అంతే. తర్వాతదంతా వాన. రేకుల మీద పడే వాన, చూరునుంచి బండ మీద కారే వాన, మధ్యలో ఎవరో "చెరువు అలుగు పారుతాంది" అని కేకేసుకుంటూ పోవడం. ఆమె టేప్ రికార్డరును వసారాలో పెట్టి లోపలికి పోయింది. ఒక్క తిట్టు లేదు. ఆ వైపు అయిపోతే మామ క్యాసెట్ తిప్పి పెట్టాడు. రెండోవైపూ వానే. నేనూ మస్తాన్ అన్నా మంచాల మీద పడి దొర్లి దొర్లి నవ్వాం. మామ కూడా నవ్వాడు, మేం నవ్వుతున్నాం కాబట్టి. తర్వాత లేచి గొర్రెల దగ్గరికి పోయాడు. ఆ క్యాసెట్ నా దగ్గరే ఉండిపోయింది, ఆయన మళ్ళీ అడగలేదు.

ఆ కథ నాకు పేరు తెచ్చింది. మహబూలాకు మారాక, పెళ్ళిళ్ళలో, వన భోజనాల్లో, శుక్రవారం బస్సుల్లో, ఎవరో ఒకరు "రమణన్నా, సుబ్బమ్మ వాన చెప్పు" అనేవారు. నేను వేళ్ళతో ప్లాస్టిక్ కుర్చీ మీద వాన కొట్టి చూపించేవాణ్ణి. బీరువా పారేసేటప్పుడు ఆ తలుపును మాత్రం ఊడబెరికి వెంట తెచ్చుకున్నాం. కొత్త గదిలో కొత్త జోస్యాలు ఎక్కాయి. మంచు కరిగి సముద్రం ఫలానా ఏటికి మహబూలా ఎక్కుతుందని ఒకడు, ఓజోన్ చిల్లుతో ఫలానా ఏటికి అందరికీ కళ్ళు పోతాయని ఒకడు. తేదీలు వచ్చాయి, పోయాయి. ఎర్రగడ్డలు తరుగుతూనే ఉన్నారు. ఏ జోస్యం విన్నా కళ్ళెగరేయడం తెలివికి గుర్తని గదిలో అందరికీ నేర్పాను. నా అంత తెలివైనవాడు మహబూలాలో లేడనుకునేవాణ్ణి.

మస్తాన్ అన్న ఒక్కడే నన్ను నిలదీశాడు. ఆయన ఉద్యోగం మానుకుని ఊరికి పోతున్న రోజు పెట్టెలు కట్టిస్తున్నాను. "రమణా, నువ్వు ఆ మంటలు ఆరిపోయినాయి, ఆరిపోయినాయి అని కథ చెప్తావు. ఆరిపోలా. ఆర్పినారు. నేను అన్నం మోసినోణ్ణి. తిండి ముందర పెట్టుకొని తినలేక అట్టనే నిద్రపోయినోళ్ళను చూసినా. అయిదేండ్లని భయపడినారు గాబట్టే రాత్రింబగళ్ళు చేసినారు. నీ కథలో వాళ్ళు యాడ?" అని అడిగాడు. అది కలిపితే కథ పొడుగైపోతుంది, జనం ఆవలిస్తారన్నాను. "ఆవలించనీలే" అన్నాడు ఆయన. నేను కలపలేదు.

ఓబులేసు మామ ఇంకా కొన్నేళ్ళు కబ్ద్‌లోనే ఉన్నాడు. తలుపు మీద మళ్ళీ వేలు పెట్టలేదు. ఒక ఎండాకాలం నన్ను చూడ్డానికి మహబూలా వచ్చాడు. టీ సాసర్లో పోసుకుని ఊదుకుంటూ, మాటల్లో మాటగా, "ఎండ మారింది రమణా. అప్పుడు గొర్రె నీడకు పోతే నిమ్మళంగా నెమరేసేది. ఇప్పుడు నీడలో నిలబడి కూడా రొప్పుతాంది. ఊళ్ళో బావి చూస్తే ఏటికేడు దిగిపోతాంది. ఏందో అయితాంది" అన్నాడు. గదిలో కుర్రాళ్ళున్నారు. వాళ్ళ ముందు ఊరుకుంటానా? పెన్సిలు తీసి, "తేదీ చెప్పు మామా, రాస్తా" అన్నాను. అందరూ గొల్లున నవ్వారు. ఆయన సాసరు కింద పెట్టి, "తేదీ తెలిస్తే మనిషి భయపడడురా, ఆ పూటకు యాడికన్నా పోతాడు" అన్నాడు. తర్వాత ఊరికి పోయాడు, అక్కడే కాలం చేశాడు. మళ్ళీ మంద పెట్టలేదని విన్నాను.

ఇప్పుడు శివ సంగతి. మా చెల్లెలు లక్ష్మీదేవి కొడుకు, నా మేనల్లుడు. నాలుగేళ్ళ కిందట వచ్చాడు, నేనే వీసా చూసి పిలిపించాను. షుఐబాలో ఫ్యాక్టరీలకు మనుషుల్ని పెట్టే కాంట్రాక్టరు దగ్గర పరంజా కట్టే పని. ఎండాకాలం మధ్యాహ్నం బయట పని చేయించకూడదని రూలుంది, చేయించరు కూడా. అయితే ఎండ ఇప్పుడు మధ్యాహ్నం కోసం ఎదురుచూడదు. పొద్దున ఏడుకే ఇనప గొట్టం గ్లవుజుల్లోంచి కాలుతుంది. సాయంత్రం తిరిగొచ్చాక వాడి చొక్కా గోడకు ఆనిస్తే నిలబడేది, ఉప్పుకు అట్ట కట్టి. రెండేళ్ళ కిందట కాళ్ళు పట్టేస్తున్నాయని, మూత్రం టీ రంగులో వస్తోందని చెప్తే క్లినిక్‌కు తోలాను. అక్కడి మలయాళీ డాక్టరు రక్తం పరీక్ష చూసి, ఎండలో పని మానెయ్, ఇట్లే చేస్తే కిడ్నీలు పోతాయి అని చెప్పి పంపించాడు.

వాడొచ్చి గది మధ్యలో నిలబడి ఆ కబురు అచ్చం నాలాగే చెప్పాడు. నా గొంతు, నా చేతులు ఊపడం, కళ్ళెగరేయడం, అన్నీ. "నేనడిగినా మామా, ఎప్పటికి పోతాయి సార్ అని. చెప్పలేనన్నాడు. తేదీ చెప్పలేనోడి మాట తలుపు మీద రాసేది లేదు గదా? చెప్పినవన్నీ అయ్యింటే ఈపాటికి ఈ కువైటే ఉండకూడదు గదా?" గదంతా చప్పట్లు. నేనూ నవ్వాను. మొహమాటానికి నవ్వానని రాసుకుంటే నాకు కొంచెం హాయిగా ఉంటుంది గానీ, అది అబద్ధం. వాడు నాకంటే బాగా చెప్పాడని మురిసిపోయి నవ్వాను. నేను పనిచేసే గోడౌన్లో, ఏసీలో, హెల్పరు ఉద్యోగం ఒకటి ఖాళీగా ఉందప్పుడు. మర్నాడు ఒక్కసారి అన్నాను, వస్తావా అని. "ఓవర్‌టైం ఉండదు గదా మామా" అన్నాడు. సరేలే అన్నాను. మళ్ళీ అడగలేదు. వారం తిరిగేసరికి దానిలో వేరేవాణ్ణి పెట్టుకున్నారు.

ఈ ఎండాకాలం పరంజా మీదనే కూలబడ్డాడు. పడిపోలేదు, తోటివాళ్ళు పట్టుకుని దింపారు. మొహం, కాళ్ళు వాచిపోయి ఉన్నాయి. ఆసుపత్రిలో రెండు కిడ్నీలూ పనిచేయడం లేదన్నారు. రోజుకు ఎన్ని గ్లాసులు తాగాలో కొలత పెట్టి, అంతకు మించి నీళ్ళు ఇవ్వొద్దన్నారు. బయట యాభై డిగ్రీలుంటే లోపల వాడు మంచం మీద పడుకుని, నేను సీసా మూత తీసిన చప్పుడుకు తల తిప్పేవాడు. అందుకని నేను కారిడార్లోకి పోయి తాగేవాణ్ణి. తర్వాత కాగితాల పని. ఫిట్ కాదని రాశారు, ఇఖామా రద్దయింది. చక్రాల కుర్చీలో విమానాశ్రయానికి తీసుకుపోతే వాడు నావైపు చూడకుండా, "ఖలాస్ మామా" అన్నాడు. నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది.

ఆ రోజు విమానాశ్రయం బయట చాలాసేపు నిలబడ్డాను. ఆకాశం ఎంత తేటగా ఉందంటే, ఎక్కడా చిన్న మరక లేదు. నేను దిగిననాడు ఇదే ఊరి మీద పట్టపగలు చీకటి, మనుషులందరిలో భయం. ఆ భయంతో నాలుగు దేశాలవాళ్ళు వచ్చి ఆర్పిపోయారు. ఇప్పుడు ఎవరూ దేనికీ భయపడటం లేదు. రోడ్డు మీద బండ్లు అద్దాలు బిగించుకుని పోతున్నాయి, ఎండలో నిలబడినవాణ్ణి నేనొక్కణ్ణే. మేం వాదించుకున్న ప్రళయాలన్నీ పెద్దవి, సూర్యుణ్ణి మింగేవి, సముద్రాన్ని చంపేవి. అవి రాలేదు, నిజమే. వచ్చింది మాత్రం ఒక్కొక్క మనిషి నడుములోకి వచ్చి కూర్చుంది. దానికి పొగా లేదు, వాసనా లేదు. ఇంకా వస్తుంది, షుఐబాలో రేపు పొద్దున కూడా బస్సులు నిండుగానే పోతాయి. నేను వెళ్ళి చెప్పినా వినరు. వినకుండా ఉండటం ఎట్లాగో నేనే నేర్పాను.

శివ ఇప్పుడు తిరుపతిలో ఉన్నాడు, రోజు విడిచి రోజు డయాలసిస్. చెల్లెలి కిడ్నీ సరిపోతుందేమోనని చూశారు, ఆమెకు షుగరుందని తీసుకోలేమన్నారు. నాది తీసుకోమని నేనూ అడిగాను, నా వయసు చెప్పాక ఆ మాట అక్కడే ఆగిపోయింది. నిన్న అక్కడి డాక్టరు నాతో విడిగా ఫోనులో మాట్లాడాడు. గుండె కూడా బాగా దెబ్బతిన్నదట. ఉగాది దాకా కష్టమన్నాడు, ఇంట్లోవాళ్ళకు మీరే మెల్లగా చెప్పండన్నాడు.

ఇందాక, సగం సర్దిన సంచుల మధ్య కూర్చుని ఉంటే లక్ష్మీదేవి ఫోన్ చేసింది. వాడు నిద్రపోతున్నాడట, వరండాలోకి వచ్చి చేస్తున్నానంది. ఇవాళ రెండు ఇడ్లీలు తిన్నాడని చెప్పింది, వాడి కూతురు బొమ్మ గీసి పంపితే దిండు కింద పెట్టుకున్నాడని చెప్పింది. తర్వాత గొంతు తగ్గించింది.

"ఈడ అందరూ ఏందేందో చెప్పి భయపెడతాండారన్నా. నువ్వు ఎవురు ఎంత బెదిరించినా నమ్మే మనిషివి కాదు గదా. నువ్వు చెప్పు, నేను నమ్ముతా. నా బిడ్డకేం కాదు గదా?"

"ఏం కాదమ్మా," అన్నాను.